రాత్రి రెండింటికి లేచి కూర్చునే పిల్లలు

ఆటిజం ఉన్న పిల్లల నిద్ర గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి ఎంచుకున్నాం. ఒకే రకం ప్రశ్నలను ఒకటిగా కలిపేశాం. ఈ పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక నిద్ర ఇబ్బంది ఉంటుంది. అది మీ పెంపకంలో లోపం వల్ల వచ్చింది కాదు. అలాగని ‘ఆటిజం కదా, అంతే’ అని వదిలేయాల్సిందీ కాదు. జవాబుల్లో చెప్పిన మందుల మోతాదులు మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు అక్కరకొస్తాయని రాశాం. వాటిని చూసి సొంతంగా మొదలుపెట్టకండి.

ప్రశ్న: మా బాబుకి అయిదేళ్లు. ఆటిజం అని మూడో ఏట చెప్పారు. మాటలు తక్కువ. రాత్రి తొమ్మిదికి పక్క వేస్తే పదకొండున్నర దాకా దొర్లుతూనే ఉంటాడు. ఫోన్లో పాటల వీడియో పెట్టి, నేను పక్కనే పడుకుని జోకొడితేగానీ నిద్ర పట్టదు. మళ్లీ రెండింటికి లేచి ఫోన్ కోసం గుక్కపట్టి ఏడుస్తాడు. పక్క గదిలో మా అత్తగారూ మామగారూ లేస్తారని ఇచ్చేస్తున్నాం. పొద్దున బడికి లేపలేకపోతున్నాను.
— ఒక తల్లి, కాకినాడ

జవాబు: ముందు రెండింటి మెలకువ సంగతి చూద్దామమ్మా. పిల్లలైనా పెద్దలైనా ఏకబిగిన నిద్రపోరు. గంటకో గంటన్నరకో ఒకసారి నిద్ర పలచబడి, కాస్త కదిలి, చుట్టూ అంతా ఎప్పటిలాగే ఉంటే మళ్లీ అందులోకే జారిపోతాం. పొద్దున అది గుర్తు కూడా ఉండదు. మీ బాబుకి నిద్ర పట్టినప్పుడు ఫోన్ వెలుగుతోంది, పాట వినిపిస్తోంది, మీ చెయ్యి వీపు మీద ఉంది. రెండింటికి నిద్ర పలచబడే సరికి ఆ మూడూ లేవు. అందుకే పూర్తిగా లేచి కూర్చుంటున్నాడు. అంటే సరిచేయాల్సింది రాత్రి మొదట్లో నిద్ర పట్టే తీరు. అది మారితే నడిరాత్రి మెలకువ చాలావరకు దానంతటదే తగ్గుతుంది. రెండింటికి ఏం చేయాలా అని తల పట్టుకునే తల్లిదండ్రులు తొమ్మిదింటి సంగతి పట్టించుకోరు. తేడా వచ్చేది అక్కడే.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి, రాసుకోండి చాలు. పక్క మీదికి చేరిన వేళ, నిద్ర పట్టిన వేళ, మెలకువలు, ఒక్కోసారి ఎంతసేపు మేలుకున్నాడు, మీరేం చేశారు, పొద్దున లేచిన వేళ, పగటి కునుకు. బడి వ్యానులో వచ్చేటప్పుడు ఇరవై నిమిషాలు కునుకు తీసినా రాయాలి, చాలా ఇళ్లలో లెక్క తప్పేది అక్కడే. అయిదేళ్ల వయసుకి పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12.

ఈలోగా కింద మూడో జవాబులో చెప్పిన శరీర బాధలు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. పన్ను నొప్పితో మేలుకునే బిడ్డకు ఎన్ని అలవాట్లు నేర్పినా వృథా.

ఇక అసలు పని. మీ రాతల్లో నిద్ర పట్టే వేళ సగటున పదకొండున్నర అని తేలిందనుకోండి. పక్క వేసే వేళను దానికి అరగంట కలిపి పన్నెండు చేయండి. తొమ్మిదికి పడుకోబెట్టాల్సిన బిడ్డను పన్నెండింటి దాకా మేల్కొలిపి ఉంచమంటారేమిటని మీ అత్తగారు అడుగుతారు, అడగాలి కూడా. రెండున్నర గంటలు పక్క మీద దొర్లితే ఆ పక్క ఆడుకునే చోటు, ఏడ్చే చోటు అయిపోతుంది. పన్నెండింటికి పక్క ఎక్కిన బిడ్డ పావుగంటలో నిద్రపోతాడు, పక్కంటే నిద్ర అని ఒంటికి తెలుస్తుంది. లేచే వేళ మాత్రం ఒకటే: ఏడు. ఆదివారమైనా ఏడే, రాత్రి ఎన్నిసార్లు లేచినా ఏడే. ఇది సడలిస్తే మిగతాదంతా కూలిపోతుంది. పక్క ఎక్కిన 15, 20 నిమిషాల్లో నిద్ర పట్టడం వరసగా రెండు మూడు రాత్రులు జరిగితే పావుగంట ముందుకు జరపండి, పదకొండూ ముప్పావు. మళ్లీ రెండు మూడు రాత్రులు. పన్నెండు నుంచి తొమ్మిదిన్నరకు రావాలంటే పది మెట్లు. అంతా సవ్యంగా సాగినా నెల పడుతుంది. మధ్యలో ఒక రాత్రి చెడితే కంగారుపడకండి, అదే వేళ మీద ఇంకో రెండు రాత్రులు ఆగండి. రెండు రాత్రులు వరసగా చెడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.

ఒక జాగ్రత్త. బాబుకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఈ పద్ధతి మొదలుపెట్టొద్దు, నరాల డాక్టరును అడిగాకే. నిద్ర కొరతే ఫిట్స్‌ను రేపుతుంది. మొదటి రెండు వారాలు పగలు మగతగా, చిరాకుగా ఉంటాడు. మూడింటి తర్వాత కునుకు తియ్యనివ్వకండి. తప్పదనుకుంటే మధ్యాహ్నమే, 45 నిమిషాలు.

ఫోన్‌ను ఒక్కసారిగా లాగేసుకోవద్దు. మొదటి మూడు రాత్రులు అదే పాట, కానీ ఫోన్ బోర్లా. బొమ్మ లేదు, శబ్దమే. తర్వాత మూడు రాత్రులకోసారి శబ్దం ఒక గీత తగ్గించండి. ఆ తర్వాత పాట మానేసి, రాత్రంతా మారకుండా ఉండే చప్పుడు ఏదైనా ఉంచండి. ఫ్యాను హోరు చాలు. సూత్రం ఒకటే: నిద్ర పట్టేటప్పుడు ఉన్నది రాత్రి రెండు గంటలప్పుడూ ఉండాలి. పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలోనూ వెలగకపోతే మేలు. తాతగారి సీరియల్ వేళ మారదంటే బాబును ఇంకో గదిలో ఉంచండి, తగువు పెట్టుకోకండి.

మీ చేతి సంగతీ అంతే. జోకొట్టడం మూడు రాత్రులు, తర్వాత చెయ్యి కదపకుండా వీపు మీద పెట్టి ఉంచడం, తర్వాత చెయ్యి తీసి పక్కన పడుకోవడం, తర్వాత మీ పరుపు జానెడు దూరం, ఆపైన మూరెడు. ఒక్కో దశ మూడు నాలుగు రాత్రులు. ఒకే గది ఉన్న ఇంట్లోనూ ఇది కుదురుతుంది. బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టాలన్న పట్టుదల మాకు లేదు. ఒకే గదిలో ఉంటూ మీ ఒంటి మీద ఆధారపడకుండా నిద్రపోవడం నేర్చుకుంటే చాలు.

పడుకునే ముందు అరగంట ప్రతిరోజూ ఒకే వరసలో జరగాలి: అన్నం, పళ్లు తోముకోవడం, బాత్రూము, రాత్రి బట్టలు, పక్క. ఈ అయిదింటికీ మీ ఇంట్లోనే ఫొటోలు తీసి, అట్ట మీద వెల్క్రోతో వరసగా అంటించండి. పని అయ్యాక ఫొటో పీకి కింద డబ్బాలో వేయడం బాబు పని. మార్కెట్లో దొరికే బొమ్మల కార్డుల కన్నా మీ బ్రష్షూ మీ మంచమూ ఉన్న ఫొటోలు తొందరగా అర్థమవుతాయి. అయిదారు మించితే అదే పెద్ద ఆట అయిపోతుంది.

రాత్రి లేచినప్పుడు లైటు వేయకండి, పాలు పట్టకండి, మాట్లాడకండి. ‘పడుకో నాన్నా’ అన్న ఒక్క మాట, అదే గొంతుతో, ప్రతిసారీ. లేచి నడిస్తే చెయ్యి పట్టుకుని పక్క దగ్గరికి తీసుకురండి.

రెండో రాత్రి నుంచి అయిదో రాత్రి దాకా ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకుముందు పది నిమిషాలు ఏడిస్తే దొరికేది ఇప్పుడు దొరకడం లేదు కాబట్టి గట్టిగా, ఎక్కువసేపు అడుగుతాడు. చాలా ఇళ్లు నాలుగో రాత్రి లొంగిపోతాయి. అప్పుడు బిడ్డ నేర్చుకునేది గంటసేపు ఏడిస్తే ఫోన్ వస్తుందని, మొదలుపెట్టకపోయి ఉంటేనే నయం. అందుకే మొదలుపెట్టే వారం ముందే ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి, పక్కింటివాళ్లకూ ఒక మాట చెప్పండి. పండగ ముందో, ఊళ్లో పెళ్లికి బయలుదేరే ముందో మొదలుపెట్టకండి. బాబు తలను గోడకేసి కొట్టుకునేవాడైతే, ఏడ్చి వాంతి చేసుకునేవాడైతే ఏడుపును పట్టించుకోకుండా ఉండే పద్ధతులు అసలు వద్దు. పైన చెప్పిన మెట్లనే ఇంకా చిన్నవిగా చేసుకుని వెళ్లండి.

ప్రశ్న: బరువు దుప్పటి కప్పితే ఆటిజం పిల్లలు బాగా నిద్రపోతారని థెరపీ సెంటర్లో కొనమంటున్నారు. కొనవచ్చా? — ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: నిద్ర కోసమైతే అక్కర్లేదు. బ్రిటన్‌లో చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో 5 నుంచి 16 ఏళ్ల వయసున్న 67 మంది ఆటిజం పిల్లలకు కొన్నాళ్లు బరువు దుప్పటి, కొన్నాళ్లు మామూలు దుప్పటి ఇచ్చి చూశారు. నిద్ర నిడివిలోగానీ మెలకువల్లోగానీ తేడా రాలేదు. అయితే పిల్లలకూ తల్లిదండ్రులకూ బరువు దుప్పటే నచ్చింది. మీ బిడ్డ పరుపుల కింద దూరి, దిండ్ల మధ్య ఇరుక్కుని హాయిగా ఉండే రకమైతే ఒకసారి అడిగి తెచ్చుకుని చూడండి. తనంతట తాను తీసేసుకోగలగాలి, తల మీదికి రాకూడదు, మూడేళ్లలోపు వాళ్లకు వద్దే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతలో దాన్ని కప్పడం మాత్రం శిక్షే.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. నిద్ర పట్టేటప్పుడు కాళ్లు తన్నుకుంటుంది, రాత్రంతా పక్కంతా తిరుగుతుంది, పళ్లు కొరుకుతుంది, నోరు తెరుచుకుని పడుకుంటుంది. పగలు చెయ్యి కొరుక్కోవడం, అరవడం ఎక్కువయ్యాయి. పాలు, పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఏమీ తినదు. ప్రవర్తన సమస్యే అంటున్నారు, థెరపీ గంటలు పెంచమంటున్నారు. — ఒక తల్లి, కర్నూలు

జవాబు: థెరపీ గంటలు పెంచే ముందు పాపను ఒకసారి తల నుంచి కాలి దాకా చూపించండి. ఎక్కడ నొప్పో చెప్పలేని బిడ్డ దాన్ని ప్రవర్తనతోనే చెబుతుంది. నిద్ర చాలని పెద్దవాళ్లు మగతగా ఉంటారు, పిల్లలు ఎగిరిపడతారు, కొరుక్కుంటారు. మీరు రాసిన నాలుగు మాటల్లోనే మూడు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

కాళ్లు తన్నుకోవడం, పక్కంతా తిరగడం, పైగా పాలూ పెరుగన్నమే తిండి. ఇనుము తక్కువై ఉండొచ్చు. పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. రోజుకు అరలీటరు దాటితే ఆకలి చంపేసి మిగతా తిండినీ రానివ్వదు. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే ‘ఫెర్రిటిన్’ పరీక్ష అడగండి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ల్యాబు కాగితం మీద ఫెర్రిటిన్ 15 ఉన్నా ‘నార్మల్’ అనే వస్తుంది, ఎందుకంటే వాళ్లు చూసేది రక్తహీనత హద్దు. కాళ్ల కదలికలతో నిద్ర చెడిన పిల్లల్లో మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉంటే ఇనుము ఇచ్చి చూడాలన్నది నిద్ర నిపుణుల మాట. జ్వరం, జలుబు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ అబద్ధంగా పెరుగుతుంది, తగ్గిన రెండు వారాలకు చేయించండి. డాక్టరు రాసే మోతాదు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల ‘ఎలిమెంటల్’ ఇనుము, అంటే మందులో అచ్చంగా ఉండే ఇనుము. 20 కిలోల పాపకు 60. సీసా మీద రెండు అంకెలుంటాయి, ఒకటి లవణం బరువు, ఒకటి ఎలిమెంటల్. లెక్కకు రెండోదే. పాలతోనూ టీతోనూ కాకుండా నిమ్మరసంతో ఇవ్వండి. మలం నల్లగా వస్తుంది, అది మామూలే. మలబద్ధకం పెరిగితే చెప్పండి, మోతాదు మార్చొచ్చు, మందు మార్చొచ్చు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. నిద్ర మారడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులకే లాభం లేదని మానేయకండి. ఇనుము మాత్రలు పిల్లల చేతికి అందకుండా పెట్టాలి, ఎక్కువ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

నోరు తెరుచుకుని పడుకోవడం. గురక ఉందా, మధ్యలో ఊపిరి ఆగి గుటకేసినట్టు మళ్లీ మొదలవుతోందా, మెడ వెనక్కి విరిచి పడుకుంటుందా, నిద్రలో తల తడిసేలా చెమట పడుతుందా? వీటిలో రెండు ఉన్నా నిద్రలో ఉండగా రెండు మూడు నిమిషాల వీడియో తీసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ పెరిగి దారి మూసుకుంటే రాత్రంతా మెదడు మేలుకుంటూనే ఉంటుంది. రాత్రి నిద్ర పరీక్ష వైర్లు తగిలించుకోవడానికి పాప ఒప్పుకోకపోవచ్చు. వీడియో, ఎక్స్‌రే, గొంతు పరీక్షతోనే ముందుకు వెళ్లే డాక్టర్లు ఉన్నారు, మీ ఇబ్బంది ముందే చెప్పండి.

పళ్లు కొరకడం అనగానే నులిపురుగులంటారు ఇంట్లో. ఒక్క పళ్లు కొరకడంతో అలా తేల్చలేం. అయితే రాత్రి పడుకున్నాక మలద్వారం దగ్గర గోక్కుంటుంటే మాత్రం అనుమానించాల్సిందే, ఆ పురుగు గుడ్లు పెట్టేది అప్పుడే. ఫిబ్రవరిలో, ఆగస్టులో బళ్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఒక్కటి ఈ పురుగుకు చాలదు. రెండు వారాలకు మరో మోతాదు, ఇంటిల్లిపాదికీ ఒకేసారి, పక్కబట్టలు వేడినీళ్లలో, గోళ్లు పొట్టిగా. ఇక మలబద్ధకం: రెండు రోజులకోసారి గట్టిగా పోయే బిడ్డకు రాత్రిపూట కడుపు ఉబ్బరంతో నిద్ర పట్టదు. పన్ను, చెవి, గజ్జి, తామర కూడా చూడమనండి. ఎడిహెచ్‌డీకి (నిలకడ లేకపోవడం, అతిచురుకుదనం) మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడుతుంటే అది మధ్యాహ్నం తర్వాత పడుతోందేమో చూడండి, నిద్రను అది నేరుగా ఆపుతుంది.

ఇవన్నీ ఒకేచోట చూపించుకోవాలంటే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ (పిల్లల ఎదుగుదల ఇబ్బందులను తొందరగా గుర్తించి చూసే సర్కారు కేంద్రం) ఒక దారి. అక్కడ ఖర్చు ఉండదు.

ప్రశ్న: జాజికాయ అరగదీసి పాలల్లో ఇస్తే నిద్రపోతాడని మా అమ్మ అంటుంది. మెడికల్ షాపులో జలుబు సిరప్ ఇచ్చారు, అది వేస్తే పడుకుంటున్నాడు. రోజూ వేయొచ్చా? — ఒక తల్లి, తెనాలి

జవాబు: రెండూ వద్దు. జాజికాయ కూరలో పొడిగా పడితే మసాలా, అరగదీసి రోజూ పోస్తే మందు. ఎంత పడిందో ఎవరికీ తెలియదు, ఎక్కువైతే గుండెదడ, నోరెండడం, లేనిపోనివి కనిపించడం. గసగసాల పాలు కూడా అంతే, నల్లమందు కాయ గింజలే కాబట్టి వాటి మీద ఆ మందు జాడలు ఉంటాయి. జలుబు సిరప్పులోని మందు మొదటి నాలుగు రాత్రులు మగతనిస్తుంది, తర్వాత ఒంటికి అలవాటై పని చేయదు. కొందరు పిల్లలకు తిరగబడి మరింత హుషారు ఎక్కుతుంది, ఆటిజం పిల్లల్లో ఇది తరచు చూస్తాం. ఇలాంటి మగత మందుల్లో ఒకటైన ప్రొమెథజిన్ రెండేళ్లలోపు పిల్లలకు ఊపిరి ఆగే ప్రమాదం తెస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అనే మందులు కలిపిన జలుబు సిరప్పు నాలుగేళ్లలోపు వాళ్లకు వాడరాదని సీసా మీదే రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం ఆదేశించింది. మీ అమ్మగారికి ఆ సీసా మీది అక్షరాలు చదివి వినిపించండి, మా మాట కన్నా అది పనిచేస్తుంది.

ప్రశ్న: ఇక్కడ మెలటోనిన్ గమ్మీలు (నిద్ర కోసం ఇచ్చే, మిఠాయిలా నమిలేవి) షాపుల్లోనే దొరుకుతాయి. మా ఎనిమిదేళ్ల బాబుకి 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం, రెండు నెలలు బాగా పనిచేసి ఆగిపోయింది. ఇప్పుడు 10 ఇస్తున్నా మూడింటికి లేస్తున్నాడు. సెలవులకి హైదరాబాద్ వస్తున్నాం, అక్కడేం చేయాలి? — ఒక తండ్రి, డాలస్

జవాబు: మెలటోనిన్ నిద్రమాత్ర అనుకుంటే ఇలాగే అవుతుంది. ‘చీకటి పడింది’ అని మెదడుకు చెప్పే కబురు అది. మామూలు రకం ఒంట్లో ఎక్కువసేపు ఉండదు, నిద్ర పట్టే వేళను ముందుకు జరపడానికి పనికొస్తుంది, నిద్రను తెల్లవారుదాకా మోయలేదు. మోతాదు 3 నుంచి 10కి పెంచితే మూడింటి మెలకువ పోదు. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2020లో ఇచ్చిన సూచనల్లో వరస స్పష్టంగా ఉంది: శరీర బాధలు, వేరే మందులు చూడడం, నిద్ర అలవాట్లు సరిచేయడం, అవి చాలకపోతేనే మెలటోనిన్. అదీ 1 నుంచి 3 మిల్లీగ్రాములతో, పక్క ఎక్కడానికి అరగంట, గంట ముందు. 10 అన్నది చేరాల్సిన అంకె కాదు, దాటకూడని హద్దు.

మొదట్లో పనిచేసి ఆగిపోవడానికి ఒక కారణం: కొందరి ఒంట్లో మెలటోనిన్ నెమ్మదిగా కరుగుతుంది. రోజూ కాస్త మిగిలి, పగలు కూడా రక్తంలో ఉండిపోతుంది. పగలూ రాత్రీ ఒకే కబురు వస్తుంటే మెదడు దాన్ని వినడం మానేస్తుంది. అలాంటప్పుడు చేయాల్సింది పెంచడం కాదు. డాక్టరును అడిగి వారం ఆపి, 1 మిల్లీగ్రాముతో, ఇంకా తక్కువతోనైనా, మళ్లీ మొదలుపెట్టడం.

ఇంకో కారణం గమ్మీలే. అమెరికాలో అమ్మే 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షించి 2023లో ఫలితాలు వెల్లడించారు. అందులో 22 రకాల్లో సీసా మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. రాసినదాంట్లో 74 శాతం నుంచి 347 శాతం దాకా ఉంది. ఒకదాంట్లో మెలటోనిన్ అసలే లేదు. అంటే మీరు 3 ఇచ్చామనుకున్న రోజుల్లో ఎంత ఇచ్చారో మీకూ తెలియదు. గమ్మీ తప్పనిసరైతే, రాసినంతే లోపల ఉందని బయటి సంస్థ పరీక్షించి ఇచ్చే ‘యూఎస్పీ వెరిఫైడ్’ ముద్ర ఉన్నది చూడండి. తియ్యగా ఉంటుంది కాబట్టి మందులతో పాటు తాళంలో పెట్టండి, చాక్లెట్ల డబ్బాలో కాదు.

నడిరాత్రి మెలకువే బాధైతే నెమ్మదిగా విడుదలయ్యే రకం గురించి డాక్టరును అడగండి. ఆటిజం పిల్లల కోసమే చేసిన చిన్న మాత్రకు 2018లో యూరప్‌లో అనుమతి వచ్చింది. 125 మంది మీద 13 వారాలు జరిగిన పరీక్షలో నిద్ర సగటున 57 నిమిషాలు పెరిగింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 9 నిమిషాలు. ఆ మాత్రను నమిలితే, పొడి చేస్తే ఆ గుణం పోతుంది, మింగాల్సిందే. మూడింటికి లేచాక మాత్రం ఏ రకమూ వేయకండి, పొద్దున పదింటి దాకా మగత, రేపటి రాత్రి ఇంకా ఆలస్యం.

హైదరాబాద్ ప్రయాణం సంగతి. వేసవిలో డాలస్‌కూ ఇక్కడికీ పదిన్నర గంటల తేడా, చలికాలం పదకొండున్నర. పగలూ రాత్రీ దాదాపు తారుమారు. దిగిన రోజు నుంచే ఇక్కడి వేళకు తిండి, ఇక్కడి వేళకు పక్క. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య అరగంట ఎండలో మేడ మీదో వీధిలోనో తిప్పండి. పగటి నిద్ర గంట దాటనివ్వకండి. సర్దుకోవడానికి వారం పైనే పడుతుంది. మొదటి వారంలో ఊళ్లు తిప్పే చుట్టరికాలు పెట్టుకోకండి. పక్క వేసే ఫొటోల అట్ట, తన దిండు గలీబు ఉతక్కుండా తెచ్చుకోండి, కొత్త ఇంట్లో పాత వాసన చాలా పని చేస్తుంది.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబు మూడింటికి లేచి నవ్వుకుంటూ ఇల్లంతా తిరుగుతాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడొకసారి. గదిలో పెట్టి బయట గడియ వేయమంటున్నారు చుట్టాలు. — ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: బయట గడియ వేయకండి. నిప్పంటుకున్నా, ఫిట్స్ వచ్చినా ఎవరికీ తెలియదు. గడియ వేయాల్సింది ఇంటి బయటి తలుపుకి, పిల్లాడి చెయ్యందని ఎత్తులో, పెద్దవాళ్లు చీకట్లో ఒంటి చేత్తో తీయగలిగేలా. తలుపు తెరిస్తే మోగే అయస్కాంతపు అలారం చవగ్గా దొరుకుతుంది, గది తలుపుకొకటి, బయటి తలుపుకొకటి. నీళ్ల సంపు మూతకు తాళం ఈ వారమే వేయించండి. ఇలా బయటికి వెళ్లిపోయే పిల్లల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది నీళ్లకు. పడుకునే ముందు గ్యాస్ రెగ్యులేటర్ ఆపేయడం, మేడ మెట్ల గేటు, బాల్కనీ గ్రిల్, మందుల డబ్బా, ఫినాయిల్ సీసా. చేతికి ఫోన్ నంబరున్న కడియమో, చొక్కాకు కుట్టిన పట్టీయో ఉంచండి.

ఇక నిద్ర. లేచిన బాబు నవ్వుతూ హుషారుగా ఉన్నాడంటే అతనికి నిద్ర సరిపోయి ఉండొచ్చు కూడా. ఎనిమిదికే పడుకోబెడుతున్నారా? సాయంత్రం బడి బస్సులో, ట్యూషన్లో కునుకు తీస్తున్నాడా? పక్క వేళను తొమ్మిదిన్నరకు జరిపి రెండు వారాలు చూడండి. తెల్లవారుజామున కిటికీలోంచి వెలుగు, మసీదు మైకో గుడి మైకో, నాలుగింటికి వచ్చే మంచినీళ్ల మోటారు, ఏది లేపుతోందో గమనించండి. నల్లటి తెర, ఫ్యాను హోరు ఇక్కడ నిజంగా ఉపయోగం. లేవగానే టిఫినో ఫోనో దొరికితే ఒంటికి అదే వేళ ఖాయమవుతుంది, కాబట్టి అయిదున్నర దాకా ఏదీ ఇవ్వకండి. తన గదిలో చప్పుడు చేయని రెండు బొమ్మలు ఉంచితే ఆ సమయం గడుస్తుంది. మీరూ మీ ఆవిడా రాత్రిని పంచుకోండి, రెండింటి దాకా ఒకరు, తర్వాత ఇంకొకరు. ఇద్దరూ మేలుకుంటే మర్నాడు ఇద్దరూ పనికిరారు.

ప్రశ్న: పాపకి ఆరేళ్లు. నిద్రలో ఉలిక్కిపడి, ఒళ్లు బిగుసుకుని, కళ్లు ఒకవైపు తిప్పి, పెదాలు చప్పరిస్తుంది. నిమిషంలో ఆగి నిద్రపోతుంది. పీడకలే అంటున్నారు, దిష్టి తీస్తున్నాం. — ఒక తల్లి, శ్రీకాకుళం

జవాబు: దిష్టి తీసుకోండి, కానీ ఈ వారమే నరాల డాక్టరుకు చూపించండి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ ఎక్కువ, కొందరికి నిద్రలోనే వస్తాయి. నిద్రలో జడుసుకోవడం వేరు. అది పడుకున్న గంట నుంచి మూడు గంటల లోపు వస్తుంది, బిడ్డ కేకలేస్తుంది, కళ్లు తెరిచే ఉన్నా మనల్ని గుర్తుపట్టదు, నిమిషాల తరబడి సాగుతుంది, ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఫిట్స్ అచ్చు గుద్దినట్టు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, సెకన్ల నుంచి రెండు నిమిషాల్లో అయిపోతుంది, రాత్రి ఏ వేళైనా, కొన్నిసార్లు వరసగా వస్తుంది. నిద్ర పట్టేటప్పుడు తల ఊపుకోవడం, దిండుకు తల కొట్టుకోవడం మూడోది. పేరు పెట్టి పిలిస్తేనో చెయ్యేస్తేనో ఆగిపోతే అది ఫిట్స్ అయ్యే అవకాశం తక్కువ.

వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వేళ చూడండి. నోట్లో చెంచా, నీళ్లు, చేతిలో తాళంచెవులు ఏవీ పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటితే 108. ఫిట్స్ ఆపేందుకు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోమని డాక్టరు రాస్తే బరువుకు ఎన్ని స్ప్రేలో సీసా మీదే రాయించుకోండి. ఇంకొకరు ఉంటే వీడియో తీయాలి, ముఖం, రెండు చేతులు, కాళ్లు కనపడేలా, దుప్పటి తీసేసి. డాక్టరుకు మీ వర్ణన కన్నా ఆ నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది.

ఈఈజీ రాస్తారు, తలకు వైర్లు అంటించి మెదడు తరంగాలను చూసే పరీక్ష. అది నిద్రలో తీయాలి. ముందురోజు తలంటి, నూనె రాయకుండా రండి, నూనె ఉంటే వైర్లు అంటుకోవు. ముందురాత్రి ఎంతసేపు మేల్కొలపాలో ల్యాబునే అడగండి, ఊహించి రాత్రంతా కూర్చోబెట్టకండి. తల మీద చెయ్యి పడనివ్వని పాపైతే వారం ముందు నుంచి రోజూ రెండు నిమిషాలు తలకు గుడ్డ కట్టడం, చల్లటి జెల్ చుక్క రాయడం ఆటలా అలవాటు చేయండి. రిపోర్టు మామూలుగా వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేదని కాదు, ఆ అరగంటలో రాకపోయి ఉండొచ్చు. వీడియో చూశాక కూడా డాక్టరుకు అనుమానం మిగిలితే రాత్రంతా కెమెరాతో తీసే వీడియో ఈఈజీ గురించి అడగండి.